వెలగచెట్టువారి వీధి

మా అమ్మమ్మగారి ఊళ్లో ఎవరిల్లు ఎక్కడ అని అడిగితే చెట్టు ఆనవాలు చెప్పేవారు. దబ్బచెట్టువారిల్లు దాటితే పంపరపనసవారు, వారి ఎదురిల్లు రాచ ఉసిరివారు, వీధి చివర వాక్కాయ కంచె ఉన్నది రంగం మామ్మది. మాది వెలగచెట్టువారిల్లు. తాతయ్యకు చక్కటి పేరు, దాని ముందు ఓ ఇంటిపేరు ఉన్నా మనియార్డరు తెచ్చే పోస్టుమేన్ కూడా “వెలగచెట్టు తాతగారూ” అనే పిలిచేవాడు. పిఠాపురానికి కాస్త దూరంలో, కాలవ నీరు అందని మెట్ట ఊరు అది. నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో 1970లలో నా చిన్న తరగతుల చదువంతా అమ్మమ్మ దగ్గరే సాగింది.

మామిడి, జామ, అరటి ఆ వీధిలో అందరికీ ఉండేవి. అందరికీ ఉన్నవి ఆనవాలుకు పనికిరావు కదా. ఒక్కో పెరట్లో ఒక్కటిగా నిలబడి ఇంటికి పేరు తెచ్చిన చెట్లు ఇంకో రకం. వాటి కాయలు కోసిన వెంటనే నోట్లో పెట్టుకుంటే ఒకదానికి పళ్లు పులుస్తాయి, ఒకదానికి నాలుక మొద్దుబారుతుంది, ఒకటి చేదు తగులుతుంది, ఇంకొకటి అసలు పంటికే లొంగదు. వాటికి ఉప్పో బెల్లమో కావాలి, ఎండో జాడీయో కావాలి. అన్నిటికంటే ముందు మనం ఆగాలి. ఎన్నాళ్లు ఆగాలో తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండాలి. చిన్నతనాన్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేవి ఆ కాయల కోసం ఎదురుచూసిన రోజులే.

మా వెలగచెట్టు పెరట్లో నూతి పక్కన ఉండేది. పెంకుటింటి కొప్పు దాటి ఇంకా పైకి పోయింది. బెరడు నిలువునా పగుళ్లువారి గరుగ్గా ఉండేది. ఆ పగుళ్లలో అక్కడక్కడా తేనెరంగు బంక గడ్డకట్టి కనిపించేది. రెమ్మరెమ్మకీ వాడి ముళ్లు. ఆకు చిన్నది, నలిపితే సోంపు వాసన. నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు, వెలగ ఇవన్నీ ఒకే వృక్ష కుటుంబమని కాలేజీలో చదువుకున్నప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఆ ఆకుల్ని వేళ్ల మధ్య నలిపిన వాళ్లెవరికైనా ఆ చుట్టరికం ముందే తెలుస్తుంది. చెట్టుని ఎవరు నాటారో తాతయ్యకీ తెలియదు. గింజ నుంచి మొలిచిన వెలగ కాపుకు రావడానికి పదిహేనేళ్ల దాకా పడుతుంది. తాతయ్య తండ్రి ఇల్లు కట్టుకునేనాటికే అది కాపు మీదున్న చెట్టట. చెట్టుని కొట్టకుండా ఇంటినే ఓ పక్కకి జరుపుకున్నారు. మా వంటింటి గోడ అక్కడ చిన్న వంకర తిరిగి ఉండేది, గూట్లో సామాను సర్దినప్పుడల్లా అత్తయ్య ఆ వంకరని తిట్టుకునేది.

ముళ్ల చెట్టు కాబట్టి ఎక్కి కోయడమన్నది లేదు. వినాయక చవితి ముందురోజు మాత్రం మావయ్య పొడుగాటి దోటీతో కొన్ని పచ్చికాయలు దింపేవాడు, పాలవెల్లికి కట్టడానికి. వీధి మొత్తానికి పాలవెల్లి వెలక్కాయ మా చెట్టుదే. గణపతి ధ్యాన శ్లోకంలో నేరేడుతో పాటు వెలగకూ చోటుంది. ఆ కాయ కోసం ఎవరూ మా గుమ్మంలోకి వచ్చి అడిగేవారు కారు, మేమే ఇంటింటికీ పట్టుకెళ్లి ఇచ్చేవాళ్లం. అది అమ్మమ్మ పెట్టిన పద్ధతి. “దేవుడి కాయ అడిగించుకుని ఇవ్వకూడదర్రా” అనేది.

పండగ దాటాక మిగతా కాయల జోలికి ఎవరూ పోయేవారు కారు. అవి బూడిదరంగు తేలి, ముదిరి, ధనుర్మాసం వచ్చేసరికి తమంతట తాము రాలేవి. అర్ధరాత్రి పెంకుల మీద పడితే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేచేవాళ్లం. పెంకు పగిలేది గానీ కాయ పగిలేది కాదు. తెల్లవారగానే పిల్లలం బుట్ట పట్టుకుని నూతి చుట్టూ, గడ్డిమేటు పక్కన, దొడ్డిగుమ్మం దాకా వెతికి ఏరుకొచ్చి తాతయ్య ముందు కుమ్మరించేవాళ్లం.

ఆయన అరుగు మీద గోడకు చేరగిలబడి కూర్చుని ఒక్కో కాయనీ మూరెడు ఎత్తు నుంచి గచ్చు మీదికి వదిలేవారు. విసరకూడదు, వదలాలి. పచ్చికాయైతే ఎగిరి పక్కకి దొర్లిపోతుంది. పండిన కాయ ఎగరదు. ఒక్క మెత్తటి చప్పుడు చేసి పడ్డచోటే ఉండిపోతుంది. “లోపల గుజ్జు దిగితే కాయ ఎగరదురా” అనేవారు. అలా ఒక్కోటీ వదులుతూ, వింటూ, మూడు కుప్పలు చేసేవారు. ఎగిరినవి పెరట్లో ఎండ తగిలేచోటికి. ఎగరనా వద్దా అన్నట్టు కాస్త కదిలినవి దోరవి, అవి వంటింట్లోకి. అసలు కదలనివి బియ్యం గాదెలోకి. మేము కళ్లు మూసుకుని చప్పుడు బట్టి పండో కాయో చెప్పే పందెం వేసుకునేవాళ్లం. నాలుగైదు రోజులకి గాదె మూత తీస్తే తీపీ పులుపూ కలిసిన ఘాటైన వాసన గది దాటి వసారాలోకి వచ్చేది. ఆ వాసన అత్తయ్యకి పడేది కాదు, తలనొప్పి అనేది. నాకు మాత్రం ఇప్పటికీ సంక్రాంతి అంటే అదే వాసన.

ఒక్కోసారి కాయ చేతికి మరీ తేలిగ్గా తగిలేది. పైకి నిక్షేపంగా ఉంటుంది. వెతికితే తొడిమ దగ్గర గుండుసూది మొనంత చిల్లు. కొట్టి చూస్తే లోపల గుజ్జు లేదు, నల్లటి పొడి ఉంది. పురుగు పని అది. పోయే సంపదని సుమతీ శతకకారుడు ఏనుగు మింగిన వెలగపండుతో పోల్చాడని మాకు బడిలో చెప్పారు. ఏనుగు లద్దెలో చిప్ప చెక్కుచెదరకుండా బయటికొస్తుందని, లోపల మాత్రం ఏమీ ఉండదని పంతులుగారి వివరణ. మా వీధి పిల్లలం ఏనుగుని చూడకపోయినా ఆ డొల్ల కాయని చేత్తో పట్టుకుని చూశాం కాబట్టి పద్యం సులువుగానే అర్థమైంది.

అమ్మమ్మ పచ్చడి దోరకాయతోనే చేసేది. పచ్చికాయ మరీ వగరు, పండు మరీ తీపి. కాయ పగలగొట్టడం మా పని. దగ్గర్లో గట్టిగా ఉన్నది గడపే కాబట్టి నా చెయ్యి అటే వెళ్లేది. “గడప మీద కొట్టకురా, లక్ష్మీదేవి కూర్చునే చోటు. రోటి అంచుకు కొట్టు” అని కేకేసేది. రోటి అంచుకి ఒక్క దెబ్బ వేస్తే చిప్ప చుట్టూ సన్నటి బీట వస్తుంది. అందులో బొటనవేళ్లు దూర్చి విప్పితే రెండు చెక్కలు. లోపల గుజ్జు అంచుల్లో గోధుమరంగు తిరిగి, నడుమ ఇంకా పాలిపోయి ఉంటుంది. పీచు, దాని నిండా బుల్లి గింజలు. గరిటె కాడతో తోడి పళ్లెంలో వేసేది.

ఇనప మూకుట్లో నువ్వులనూనె వేసి మినప్పప్పు, మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు వరసగా వేయించి, చివర ఇంగువ వేసి దించేది. చల్లారాక రోట్లో ఉప్పూ పసుపూ వేసి ముందు పోపు దంచాలి. అది బరకగా నలిగాక గుజ్జు వేసి పచ్చడిబండతో నూరాలి. మెత్తగా అయిపోకూడదు, గింజ పంటికి తగలాలి. బెల్లం ఆఖర్న. ఎంత వేయాలో కొలత లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నత్తకి చెబుతుంటే విన్నాను: “పులుపు చూసి బెల్లం వెయ్యకే, వగరు చూసి వెయ్యి. పులుపు ఉప్పుకి లొంగుతుంది. వగరుకి బెల్లమే మందు.” ఇన్నేళ్లలో ఎన్నో వంటల పుస్తకాలు చూశాను, వెలక్కాయ పచ్చడి గురించి ఇంతకన్నా పనికొచ్చే మాట ఎక్కడా దొరకలేదు. వేడన్నంలో ఆ పచ్చడి, మీద నెయ్యి. రెండో రోజుకి ఇంకా బాగుండేది.

పండిన కాయకి వంటేమీ లేదు. చిప్పలోనే గుజ్జుకి బెల్లం కోరు కలిపి పుల్లతో తినడమే. ఖాళీ చిప్పలు ఎండబెట్టి, చిల్లులు పొడిచి, తాళ్లు కట్టి తరాజు చేసుకునేవాళ్లం. ఇసుకా చింతగింజలూ తూచి అమ్ముకునే మా కిరాణా దుకాణానికి అదే త్రాసు. తాతయ్య ముక్కుపొడుం భద్రపరచుకునే బుర్ర కూడా వెలగ చిప్పదే. ఎవరో వడ్రంగి నున్నగా తోమి, మూత అమర్చి ఇచ్చాడు. జేబులో పట్టేంత ఉండేది.

వెలగ కర్రతో మరో ఉపయోగం ఉందని మాకు నేర్పింది రంగం మామ్మ. మా వైపు వాళ్లు రంగూనుని రంగం అంటారు. కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి ఓడెక్కి బియ్యం మిల్లుల్లోనూ, రేవుల్లోనూ కూలికి వెళ్లినవాళ్లు ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. జపాను వాళ్లు బర్మా మీద పడ్డప్పుడు, 1942లో, ప్రాణాలు అరచేత పట్టుకుని కొండలూ అడవులూ నడిచి తిరిగొచ్చినవాళ్లలో మామ్మ ఒకరు. అప్పటికి కొత్త కోడలు. నడకలో ఏం చూసిందో ఎవరడిగినా చెప్పేది కాదు. చెప్పేవన్నీ అంతకుముందు సంగతులే. గోపురాలు, చేపల అంగడి, అక్కడి ఆడవాళ్ల జడలో పువ్వులు, బుగ్గల మీద లేతపసుపు పూత. ఆ పూతని బర్మాలో థనకా అంటారు. అలా బెరడు అరగదీసి పూసుకునే చెట్లలో వెలగ ఒకటి.

మావయ్య నూతి మీదికి వంగిన వెలగ కొమ్మ నరికిన రోజున మామ్మ కబురందుకున్నట్టే వచ్చేది. బెరడున్న ముక్క, జానెడు పొడుగుది, ఏరుకుని మంచి సాన మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి గుండ్రంగా అరగదీసేది. గంధం కన్నా పలచటి లేతపసుపు ముద్ద వచ్చేది. “రామ్మా, మొహం ఇలా పెట్టు” అని వరసగా ఒక్కొక్కరికీ బుగ్గల మీద వేలితో రాసేది. ముందు చల్లగా ఉంటుంది. ఆరుతుంటే చర్మం బిగుస్తుంది. “రంగంలో ఆడా మగా, పిల్లా జెల్లా అందరూ పూసుకుంటారమ్మా, ఎండ తగలదు” అనేది. ఆ పూతలతో మేము వీధిలోకి వెళితే పెద్దవాళ్లు నవ్వేవారు. మామ్మ మాత్రం అరుగు మీద కూర్చుని చాలాసేపు మావైపే చూస్తుండేది.

ఆవిడ ఇంటి చుట్టూ ఉన్నది వాక కంచె. గొడ్డూ గోదా ఏదీ దాటేది కాదు. జంటగా ఎదురెదురుగా ఉండే ఆ ముళ్లు గుచ్చుకుంటే రెండ్రోజులు సలుపు. ఆషాఢం శ్రావణాల్లో పచ్చటి కాయల మీద ఎర్రటి జీర తిరిగేది. కోస్తే తొడిమ దగ్గర తెల్లటి పాలు కారి వేళ్లకి అంటుకుంటాయి, నీళ్లతో పోవు. మామ్మ మా అరచేతుల్లో నూనె పోసి రుద్దించేది. వాక్కాయని రెండుగా చీల్చి గింజ తీసి పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. పచ్చిమిర్చితో రోటి పచ్చడి, పులిహోర, ఆవ పెట్టిన ఊరగాయ. కంచెలోనే వదిలేసిన కాయలు ముదురు ఊదారంగుకు పండి తియ్యబడేవి, వాటి కోసం మేమూ పిట్టలూ పోటీ పడేవాళ్లం. రాయలసీమలో దీన్నే కలివి అంటారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా లంకమల అడవిలో మళ్లీ కనిపించింది, ఇలాంటి ముళ్లపొదల మధ్యే. పట్నంలో కూడా వాక్కాయ మన మధ్యనే ఉంది, మనం గుర్తుపట్టం, అంతే. బేకరీ రొట్టెల మీదా, మిఠాయి కిళ్లీలోనూ ఎర్రగా మెరిసే ‘చెర్రీ’ చాలాసార్లు రంగువేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయే.

ఇన్ని కాయలు ఎవరింటికి వారికే అయితే ఏం చేసుకుంటారు? ఒక దబ్బచెట్టు విరగకాస్తే ఒక కుటుంబం ఏడాదంతా తిన్నా తరగదు. కొబ్బరికాయంత దబ్బకాయ ఒక్కటి పిండితే పెద్ద పళ్లెం పులిహోర అవుతుంది. తొక్క ముక్కలు కోసి ఊరేస్తే జాడీ నిండుతుంది. అందుకని అవన్నీ వీధిలో తిరుగుతుండేవి. మా ఇంటి నుంచి వెలక్కాయలు వెళ్లిన గిన్నెలో దబ్బ ఊరగాయ వచ్చేది. వాక్కాయలు తెచ్చిన బుట్టలో పంపరపనస వెళ్లేది. ఇచ్చిన గిన్నె ఉత్తది తిరిగి పంపకూడదని నియమం. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యం, రెండు తమలపాకులు, కనీసం ఓ పువ్వు. గిన్నెలు మోసేది పిల్లలం కాబట్టి ఎవరింట్లో ఎవరు పలకరిస్తారో, ఎవరు చేతిలో ఏదన్నా పెడతారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో మాకే ముందు తెలిసేది. ఒక ఏడాది పంపరపనసవారికీ మా అమ్మమ్మకీ గట్టు తగాదా వచ్చి పలకరింపులు ఆగిపోయాయి. కార్తీకంలో పళ్లు పండాయి. రెండు పళ్లు మా అరుగు మీద పెట్టి ఆ ఇంటావిడ మాట్లాడకుండా వెళ్లిపోయింది. అమ్మమ్మా మాట్లాడలేదు. ధనుర్మాసంలో మా వెలక్కాయలు వాళ్ల గుమ్మంలోకి చేరాయి, మోసింది నేనే. ఆ సంక్రాంతికి ఇద్దరూ కలిసి అరిసెలు వత్తారు. మనుషులు మాట్లాడుకోలేనప్పుడు ఆ పని కాయలు చేసేవి. నేను వీధి అంటే ఇప్పటికీ అదే అనుకుంటాను.

రాచ ఉసిరి గురించి కూడా చెప్పాలి. అది పూర్తిగా పిల్లల చెట్టు. లేతపసుపు కాయలు గుత్తులు గుత్తులుగా కొమ్మని అంటిపెట్టుకునే కాస్తాయి, కాయకి ఆరేడు గాళ్లు ఉంటాయి. ఏడాదిలో రెండు కాపులు, ఎండల్లో ఒకటి, వానల్లో ఒకటి. కొమ్మలు పెళుసు, ఎక్కితే విరుగుతాయి, అందుకే కింద దుప్పటి పరచి ఊపేవాళ్లం. ఉప్పూ కారం అద్దుకుని తింటే అన్నం వేళకి పళ్లు పులిసి అన్నం నమలలేకపోయేవాళ్లం. బడి గేటు ముందు సీమచింతకాయలు, రేగు వడియాల పక్కన ఇవి కూడా అమ్మకానికి ఉండేవి గానీ, మా వీధి పిల్లలెవరూ కొన్న జ్ఞాపకం లేదు.

ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక ఓ చలికాలం దగ్గు తగ్గకపోతే పాతబస్తీలో ఒక యునానీ దుకాణానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన మూడు దినుసులు పొట్లం కట్టి ఇచ్చాడు. ఉన్నాబ్, సపిస్తాన్, బిహీదానా. ఉన్నాబ్ ఎండిన రేగుపండు, మన గంగరేగుకి దాయాది. సపిస్తాన్ ఎవరో కాదు, మన బంకనక్కెర కాయ. ఆ కాయ జిగురుతోనే మేం పుస్తకాలకి అట్టలు అంటించుకున్నాం. మూడోది మాత్రం కొత్త. ముదురు రంగు చిన్న గింజలు, నానబెడితే నీరంతా జిగురుగా చిక్కబడుతుంది. నమలకూడదు, ఆ నీళ్లు మాత్రమే తాగాలన్నాడు. అవి క్విన్స్ అనే పండు గింజలు. కాశ్మీరులోనూ, ఇరాన్‌లోనూ, కాకసస్ కొండ ప్రాంతాల్లోనూ పెరిగే చెట్టు అది. దాని గురించి వెతికి వెతికి చదివాను. పసుపురంగు పండు, పంటికి లొంగని గట్టిదనం, పచ్చిగా తింటే వగరు. ఒక్క పండు గదిలో పెడితే గదంతా వాసన. కాశ్మీరీలు వంకాయతో కలిపి వండుతారు, ఇరానీలు మాంసం పులుసులో వేస్తారు, పాకంలో చాలాసేపు ఉడికిస్తే గుజ్జు ఎర్రబారుతుంది.

దాని వెంటే మెడ్లర్ సంగతీ తెలిసింది. ఐరోపాలో పాత ఇళ్ల తోటల్లో ఉండే చెట్టు. గోధుమరంగు చిన్న కాయలు. ఆకురాలు కాలం చివర మంచు పడే రోజుల్లో కోసి, గడ్డి మీద పరచి, లోపల నల్లబడి మెత్తబడేదాకా వారాలపాటు ఆగుతారు. అప్పుడు గానీ నోట పెట్టరు. వందల ఏళ్లు పెరటి చెట్లుగా బతికిన ఆ రెండూ ఇప్పుడు చాలాచోట్ల సంతల్లో అరుదైపోయాయి. ఇది చదువుతుంటే మా బియ్యం గాదె కళ్లముందు కదిలింది. అక్కడ వాళ్లూ ఇక్కడ మా తాతయ్యా ఒకరినొకరు ఎరగకుండా ఒకే పని చేశారు. చెట్టు మీద పూర్తికాని పండుని ఇంట్లో పూర్తిచేసుకున్నారు. అలాంటి పండు అంగట్లో నిలవదు. కొన్నవాడు ఆ సాయంత్రమే తినాలనుకుంటాడు, అమ్మేవాడికి చూడ్డానికి నిగనిగలాడే సరుకు కావాలి. బూడిదరంగు చిప్పని ఎవరు కొంటారు? అది పెరట్లోనే బతకాలి. పెరడు పోతే దానికి ఇంకో చోటు లేదు.

పెరళ్లు పోయాయి. 1996 నవంబరు తుపానుకి పంపరపనస వేళ్లతో సహా ఒరిగింది. దబ్బచెట్టు తెగులుతో ఎండిపోతే మళ్లీ ఎవరూ అంటు కట్టలేదు. రంగం మామ్మ పోయాక కంచె పీకి సిమెంటు గోడ కట్టారు. వెలగ తుపానుకి చెక్కుచెదరలేదు, అంత గట్టి మాను అది. తాతయ్య తర్వాత స్థలం వాటాలైనప్పుడు సరిహద్దు గోడ సరిగ్గా దాని మీదుగా వచ్చింది. ఎవరి వాటాలో ఉంటే వాళ్లకి నష్టమన్నారు. కొట్టేశారు. కర్రని పనిముట్లకని కొనుక్కుపోయారు. ఆ రోజు నేను ఊళ్లో లేను. ఉన్నా ఆపగలిగేవాడినని చెప్పలేను గానీ, ఒక్క చిప్పెడు గింజలైనా తీసి ఉంచమని అడిగి ఉండేవాడిని. ఆ దుఃఖం నాకు ఇంకా తీరలేదు.

ఇప్పుడు వెలక్కాయ ఏడాదికి ఒక్కసారి కనిపిస్తుంది. చవితి ముందురోజు రోడ్డు పక్కన పత్రి పోగుల మధ్య, మొక్కజొన్న పొత్తుల పక్కన. అడిగిన ధర ఇచ్చి కొంటాం, పాలవెల్లికి కడతాం, నిమజ్జనం రోజున పత్రితో పాటు చెరువులో కలిపేస్తాం. కొనేవాళ్లలో చాలామందికి దాని లోపల ఏముంటుందో తెలియదు. నా పక్కన నిలబడి కొంటున్న ఓ అమ్మాయి “ఇది తింటారా అంకుల్?” అని అడిగింది. తినే పండు పూజాసామగ్రిగా మిగిలింది. వెలగపూడి, వెలగలేరు అని ఊళ్లకి పేర్లు పెట్టుకున్న జాతి మనది. మన పిల్లలు ఆ రుచి తెలియకుండా పెరగడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

కాబట్టి వచ్చే చవితికి వెలక్కాయ కొనేటప్పుడు లేతది తీసుకోకండి. ముదురుది, బూడిదరంగు తిరిగింది, చేతికి బరువుగా ఉన్నది ఏరుకోండి. చిల్లు ఉందేమో తిప్పి చూడండి. పూజయ్యాక బియ్యం డబ్బాలో పెట్టి ఉంచండి. అప్పుడప్పుడు తీసి మూరెడు ఎత్తు నుంచి వదిలి చూడండి. ఎగరనా వద్దా అన్నట్టు కాస్త కదిలిన రోజున పగలగొట్టి పచ్చడి నూరండి, లేదా ఎగరడం మానేసేదాకా ఆగి బెల్లంతో తినండి. గింజలు కొన్ని కడిగి నీడలో ఆరబెట్టి కుండీలో వేయండి, రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. చోటుంటే నేలలో నాటండి, లేకపోతే ఊళ్లో గుడికో బడికో ఇవ్వండి. పదిహేనేళ్లు ఆగలేమంటే కడియం నర్సరీల్లో అంటుమొక్క ఉందేమో అడగండి. అదీ కుదరకపోతే రాచ ఉసిరి వేయండి, గింజ నుంచి నాలుగేళ్లకే కాస్తుంది. ప్రహరీ పొడుగునా వాక్కాయ వేస్తే ఇంకా ముందే. కాసిన రోజున పక్కింటికి ఓ గిన్నెడు పంపండి. పాలవెల్లి విప్పేటప్పుడు ఆ ఒక్క కాయని మాత్రం నీళ్లలో కలపకండి.